ఎర్ర పెన్సిల్‌తో ప్రయాణ సూచనలు

“అంత దూరం నుంచి వచ్చినవాళ్లకి ఇక్కడ ఏమైనా అయితే, పాపం, ఎవరికి చెప్పుకుంటారే?” అంది అమ్మ, కుట్టుమిషను చక్రం మీద చెయ్యి ఆనించి.

ఇంకా ఎవరూ రాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. రావలసినవాళ్లు తమ తమ దేశాల్లో, తమ తమ మంచాల మీద హాయిగా పడుకునే ఉన్నారు. అమ్మకు మాత్రం గుండె దడ అప్పుడే మొదలైంది. కష్టం వచ్చాక భయపడేవాళ్లు మామూలు మనుషులు. అమ్మది ముందుచూపు. కష్టం బయల్దేరక ముందే ఎదురెళ్లి గుమ్మంలో కుర్చీ వేసి కూర్చుంటుంది.

ఆ వీధిలో ఆవిడను దర్జీ అమ్మ అనేవాళ్లు తక్కువ, ‘ఏమైనా అయితే గారు’ అనేవాళ్లు ఎక్కువ. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చినవాడికి చొక్కాతో పాటు అడగని లోపలి జేబొకటి, ఆ జేబుకో గుండీ, ఆ గుండీ ఊడితే అని పక్కనే దాచి కుట్టిన ఇంకో గుండీ దక్కేవి. గుండీ లేని జేబు ఆవిడ చేతి కింద నుంచి ఇంతవరకు బయటికి పోలేదు. ఆఖరికి ఇంటాయన చేతిరుమాలు పెట్టుకునే జేబుకీ గుండీ ఉంది. ఆయన తుమ్మడానికి ముందు రెండు నిమిషాలు కష్టపడాలి.

ఆ ఇంటాయనది టైర్ల షాపు. ఎంత చితికిపోయిన టైరు తెచ్చినా ఒకసారి చేత్తో తడిమి “ఏం కాదు” అంటాడు. ఇంట్లోనూ ఆయన మాట అదొక్కటే. ఇరవై ఎనిమిదేళ్ల కాపురం ‘ఏమైనా అయితే’, ‘ఏం కాదు’ అన్న రెండు మాటల మీదే నడిచిందని వాళ్ల ఒక్కగానొక్క కూతురు వెక్కిరిస్తుంది.

ఆ కూతురి ఉద్యోగం కాన్ఫరెన్సులు ఏర్పాటు చేసే ఆఫీసులో. ఈసారి పాత వంతెనల గురించి అయిదు రోజుల పెద్ద సభ. పంతొమ్మిది దేశాల నుంచి మూడు వందల మంది ఇంజనీర్లు వస్తున్నారు. వాళ్ల కోసం ప్రయాణ సూచనల పుస్తకం రాసే పని అమ్మాయి మీద పడింది. వీసా కోసం ఏ కాగితం ఎక్కడ చూపించాలి, ఎయిర్‌పోర్టులో ట్యాక్సీ ఎక్కడ దొరుకుతుంది, ఇక్కడి ప్లగ్గుకు ఎన్ని కాళ్లు, మందులు తెచ్చుకుంటే డాక్టరు చీటీ ఉండాలా, అన్నీ ఇరవై నాలుగు పేజీల్లో. రెండు భాషల్లో.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. పంతొమ్మిది దేశాలవాళ్లకు ప్రయాణం నేర్పుతున్న ఆ పిల్ల ఇంతవరకు ఊరి చివరి బస్‌స్టాపు దాటలేదు. నాలుగో క్లాసులో బడి పిల్లలంతా ఎక్స్‌కర్షన్‌కు వెళ్తే అమ్మ పంపలేదు. బస్సు బోల్తా పడితే అంది. బస్సు సాయంత్రం ఆరింటికి, పాటలు పాడుకుంటూ, నిక్షేపంగా తిరిగొచ్చింది. “వచ్చింది కాబట్టి సరిపోయింది” అంటుంది అమ్మ, ఇప్పటికీ.

ప్రెస్సు నుంచి పుస్తకం ప్రూఫు దిద్దడానికి వచ్చిన ఆదివారం అమ్మాయికి జ్వరం. మాత్ర వేసుకుని మధ్యాహ్నం మత్తుగా పడుకుంది. మంచం పక్కన కాగితాలు అమ్మకు కనబడ్డాయి. అమ్మ చదివింది ఏడో క్లాసు. ఏడో క్లాసుకు అర్థమయ్యే లోపాలే ఆ పుస్తకంలో బోలెడన్ని ఉన్నాయి. అన్నీ ఏం చెయ్యాలో రాసింది కానీ, చేశాక ఏమైనా అయితే ఏం చెయ్యాలో రాయలేదు పిచ్చిపిల్ల. గుడ్డ మీద గీతలు గీసే ఎర్ర పెన్సిల్ చెవి మీదే ఉంది.

‘ఆహ్వానపత్రం చేతిసంచిలో పెట్టుకోండి’ అన్న చోట పక్కన రాసింది: ‘ఆ సంచి పోతే? రెండో కాపీ చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. లోపలి జేబు లేనివారు కింది నంబరుకు ఫోన్ చెయ్యండి, కుట్టబడును.’

ప్లగ్గుల దగ్గర రాసింది: ‘చెయ్యి తుడుచుకున్నాకే ముట్టుకోండి.’ లిఫ్టుల దగ్గర: ‘లోపల తెలియని మనిషి ఒక్కడే ఉంటే తర్వాతి లిఫ్టు ఎక్కండి. ఆయనా మీ గురించి అలాగే అనుకుంటే ఇద్దరూ మెట్లు ఎక్కండి.’ వర్షాల దగ్గర: ‘ఒక గొడుగు కింద ఇద్దరు నడవకండి. ఇద్దరూ సగం సగం తడుస్తారు, జలుబు మాత్రం ఇద్దరికీ పూర్తిగా చేస్తుంది.’ ఎయిర్‌పోర్టు దగ్గర: ‘మీ పేరు బోర్డు పట్టుకున్నవాళ్లంతా మావాళ్లు కారు. ఫోన్ చేసి తెలుసుకున్నాకే బండి ఎక్కండి.’

చివరి పేజీలో హెల్ప్‌లైన్ నంబరు అని ఉండి, పక్కన ఖాళీగా ఉంది. ఆఫీసువాళ్లు ఇంకా ఇవ్వలేదు కాబోలు. ఆపదలో ఉన్న మనిషికి ఖాళీ చూపిస్తారా ఎవరైనా? అమ్మ తన సెల్ నంబరు రాసింది. రాసి, ఎవరూ అడక్కుండానే మంచి పని చేసినందుకు తృప్తిగా వెళ్లి టీ పెట్టుకుంది.

సాయంత్రం ప్రెస్సు కుర్రాడు ప్రూఫు కోసం వస్తే, పిల్లను లేపడమెందుకని అమ్మే ఆ కాగితాలు ఇచ్చి పంపింది. ఎర్ర అక్షరాలంటే దిద్దుబాట్లే అనుకున్నారు ప్రెస్సువాళ్లు. అక్కడి అనువాదకుడు నిజాయితీపరుడు, ఒక్క ముక్క వదల్లేదు. సోమవారానికి పుస్తకం పంతొమ్మిది దేశాలకు మెయిల్‌లో వెళ్లిపోయింది.

సభకు ముందురోజు ఉదయం ఫోన్ మోగింది. అమ్మ ఫోనెత్తితే హలో అనదు.

“ఏమైంది?” అంది.

“ఇంకా ఏం కాలేదండీ. కాకుండా ఉండటానికే చేశాను” అంది ఒక మగగొంతు.

ఆ ఒక్క మాటకే అమ్మకు ఆ గొంతు మీద గౌరవం కలిగింది.

అతను విమానం దిగాడట. దేశం వేరైనా ఇంట్లో మాట్లాడుకునేది ఇదే భాషట. ఎదురుగా ఒకమ్మాయి తన పేరు రాసిన బోర్డు పట్టుకుని నిలబడిందట. ఆమె నిజంగా కాన్ఫరెన్సు మనిషేనని తెలిస్తే గానీ కదలకూడదని పదకొండో పేజీలో ఉంది కాబట్టి పావుగంటగా ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారట.

“ఎలా ఉంది బాబూ ఆ పిల్ల?”

“నీలం చొక్కా అండీ. ఎడమ చేతికి గడియారం.”

“నీలం చొక్కాలు లక్ష ఉంటాయి. మొహం చిరాకుగా ఉందా?”

అటువైపు కాస్త ఆగి, పరిశీలించి, “చాలా” అన్నాడు.

“అయితే మా అమ్మాయే. ఎక్కు.”

ఆ ఫోన్ అమ్మాయి చేతికి ఎలా వెళ్లిందో, ఆ గొంతు విని ఆమె ఎంతసేపు నోరు తెరుచుకుని నిలబడిందో అమ్మకు తర్వాత తెలిసింది. సాయంత్రం ఇంటికొచ్చిన కూతురు చెప్పులు కూడా విప్పకుండా, మూడు వందల పుస్తకాలు, ఇరవై ఆరు ఎర్ర సూచనలు అని లెక్క చెప్పింది. ఆఫీసులో పెద్ద మేడమ్ గదిలోకి పిలిచి అరగంట వాయించిందట. ఉద్యోగం ఎందుకు ఊడలేదంటే ఒక్కటే కారణం. ఎప్పుడూ మేడమ్ ఫోను మోగించి ప్రాణం తీసే అతిథులు ఈసారి ఒక్కరూ చెయ్యలేదట.

చెయ్యరు మరి. అందరూ అమ్మకు చేస్తున్నారు. ఇంగ్లీషులో చేసినవాళ్లకు “ప్లీజ్ వెయిట్” అని చెప్పి ఫోను దిండు కింద పెట్టేది. తెలియని భాషల్లో చేసినవాళ్లకు గట్టిగా “టాక్సీ కౌంటర్, టాక్సీ కౌంటర్” అనేది. ఎలాగో ఒకలా అందరూ హోటళ్లకు చేరారు.

“ఆ ఎయిర్‌పోర్టు అబ్బాయి క్షేమంగా చేరాడా?” అంది అమ్మ, తిట్లన్నీ అయ్యాక.

“ఆ సుత్తిగాడా? సీటు బెల్టు మూడుసార్లు లాగి చూశాడు. డ్రైవరు కళ్లద్దాలు ఎప్పుడు మార్చాడో అడిగాడు. ఇంట్లో నువ్వొకదానివి చాలవా నాకు, విదేశాల నుంచి ఇంకొకడు దిగాలా?”

సుత్తి మాట వట్టి తిట్టు కాదు. మర్నాడు అతనే జేబు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు నడుముకు నిజంగానే చిన్న సుత్తి వేలాడుతోంది. పాత వంతెనలను తట్టి, చప్పుడు విని, లోపల ఎక్కడ బోలుపడిందో చెప్పడం అతని ఉద్యోగం. మెట్లెక్కుతూ అలవాటు కొద్దీ రెయిలింగు నాలుగు చోట్ల తట్టాడు. పై మెట్టు దగ్గర ఆగి, ఇక్కడ ఒక బోల్టు వదులైంది, బిగించాలండీ అన్నాడు. ఆరేళ్లుగా ఆ రెయిలింగు ఊడుతుందని అమ్మ మొత్తుకుంటూనే ఉంది. అమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ భయం నిజమని చెప్పిన మొదటి మనిషి ఇతనే.

టేపు పెట్టి ఛాతీ కొలుస్తూ కుశలం అడిగింది. అంటే పోలీసు స్టేషన్లో అడిగేవన్నీ అడిగింది. అతనికి అమ్మ, ఒక అక్క. సిగరెట్టు లేదు. ఈత వచ్చు, కానీ లోతు తెలియకుండా దిగడు. విమానం ఎక్కడం ఇదే మొదటిసారట. ఈ సభకూ రాకూడదనే అనుకున్నాడట. మెయిల్‌లో ఈ పుస్తకం చూసి మనసు మార్చుకున్నాడట.

“ఏమేం జరగొచ్చో అన్నీ ఒకచోట ఉన్నాయండీ. ఇక కొత్తగా భయపడటానికి నాకు మిగల్లేదు. హాయిగా టికెట్ కొన్నాను” అన్నాడు.

అప్పుడే ఏదో ఫైలు కోసం వచ్చిన అమ్మాయి గుమ్మంలో నిలబడి అదంతా వింది. “భయపడేవాళ్లు భయపడేవాళ్లనే కనిపెడతారు” అంది, ఎవరితోనో అన్నట్టు గోడవైపు చూస్తూ.

అతను నొచ్చుకోలేదు. “భయపడటానికే నాకు జీతం ఇస్తారండీ. కానీ తట్టి చూశాక నేనే ముందు నడిచి దాటతాను. తట్టి చూసి ఇంటికెళ్లిపోతే ఇక ఆ సుత్తి ఎందుకు?”

అమ్మాయి గోడమీద నుంచి చూపు తిప్పి మొదటిసారి అతని మొహం చూసింది. అమ్మ చేతిలోంచి టేపు జారింది. ఆ మాట తనకే తగిలిందని ఎవరికీ తెలియకుండా కింద కూర్చుని చాలాసేపు టేపు వెతికింది. అది కాలి పక్కనే ఉంది.

ఆ జేబుకు అమ్మ రెండు గుండీలు కుట్టింది. అది చాలదేమోనని మర్నాడు పిలిపించి మూడోది కుట్టింది. ఆ మర్నాడు అతను పిలవకుండానే వచ్చాడు, గుండీ బిగుతుగా ఉందంటూ. ఇంటాయన టైర్ల షాపు నుంచి భోజనానికొచ్చి, బోల్టు బిగించిన రెయిలింగు ఊపి చూసి, అతని వైపు చూసి తలాడించాడు. ఆయన విషయంలో అది ఉపన్యాసం కింద లెక్క.

నాలుగో రోజు వర్షం పట్టుకుంది. మామూలు వాన కాదు, ఎదురింటి గోడ కనబడని వాన. అమ్మ కిటికీ దగ్గర నిలబడి, కాలవలు, కరెంటు తీగలు, చెట్టుకొమ్మలు వరసగా తలుచుకుంటుంటే సందు మలుపులో ఒక గొడుగు కనిపించింది. ఒకే గొడుగు. దాని కింద నాలుగు కాళ్లు. వాన నుంచి తప్పించుకోవాలన్న తొందర ఆ కాళ్లకు బొత్తిగా లేదు.

మెట్లెక్కి లోపలికొచ్చాక చూస్తే అమ్మాయి కుడి భుజం తడిసింది. అతని ఎడమ భుజం తడిసింది. అతని సంచిలో నుంచి, మడత కూడా విప్పని గొడుగొకటి పొడిపొడిగా తల బయటపెట్టి అమ్మను చూస్తోంది.

“అతని గొడుగు తెరుచుకోవట్లేదమ్మా” అంది అమ్మాయి, ఎవరూ అడక్కముందే.

అమ్మ ఆ గొడుగు తీసి మీట నొక్కింది. టప్పున విచ్చుకుంది.

ఇరవై ఆరు సూచనల్లో ఇరవై అయిదు తు.చ. తప్పకుండా పాటించిన మనిషి చెవుల దాకా ఎర్రబడి, “పంతొమ్మిదో పేజీ మర్చిపోయానండీ” అన్నాడు. అమ్మాయి నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి పోయింది. కూతురు అలా నవ్వి ఎన్నాళ్లయిందో లెక్క పెట్టబోయి, ఆ లెక్కకు భయమేసి మానుకుంది అమ్మ. ఇద్దరికీ తువ్వాళ్లు ఇచ్చింది. జలుబు మాత్రలూ ఇచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడకు కొత్త భయం పట్టుకుంది. రేపు ఇతను వెళ్లిపోతే?

చివరి రోజు మధ్యాహ్నం హెల్ప్‌లైన్ మోగింది.

“ఏమైంది?”

“నేనేనండీ. పుస్తకంలో లేని ఇబ్బంది ఒకటొచ్చింది.”

“పుస్తకంలో లేనిదా?” అమ్మ కాస్త నొచ్చుకుంది.

“రేపు వెళ్లిపోతున్నాను. చాలా ముఖ్యమైనది ఒకటి ఇక్కడే వదిలేసి వెళ్తున్నట్టుందండీ.”

అమ్మ వెంటనే ఎర్ర పెన్సిల్, కాగితం అందుకుంది. పోయిన సామాను వ్యవహారం ఆవిడకు కొట్టినపిండి. ఏ రంగు అని అడిగింది. రోజుకో రంగు, ఇవాళ ఆకుపచ్చ అన్నాడు. ఆఖరిసారి ఎక్కడ చూశావంటే రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర అన్నాడు. ఖరీదైనదా అంటే ఖరీదు కట్టలేనన్నాడు. రాస్తున్న అమ్మ పెన్సిల్ అక్కడ ఆగింది.

“మొహం చిరాకుగా ఉంటుందా?” అంది నెమ్మదిగా.

“మొదట్లో ఉండేదండీ. ఇప్పుడు అప్పుడప్పుడే.”

తర్వాత సంగతి అతను దాచకుండా చెప్పాడు. వచ్చే ఏడాది సభ అతని ఊళ్లో. అతిథులకు పుస్తకం రాయడానికి, ముందుగా వచ్చి అన్నీ చూసుకోవడానికి ఈ అమ్మాయినే పంపమని అక్కడివాళ్లు మేడమ్‌ను అడిగారు. మేడమ్ సరేనంది. ఆ పని అయిపోయాక కూడా ఆమె అక్కడే, తన దగ్గరే ఉండిపోతే బాగుంటుందని నిన్న వానలో తను అడిగాడు. తనకూ ఇష్టమేనంది. ఇష్టమేనని, రాలేనని, రెండూ ఒకే ఊపిరిలో అంది.

“మీ అమ్మగారిని అడిగారా అన్నానండీ. అడగక్కర్లేదు, జవాబు నాకు నాలుగో క్లాసు నుంచే తెలుసు అంది.”

ఫోను పెట్టేశాక అమ్మ మిషను ముందు కూర్చుంది గానీ తొక్కలేదు. పిల్ల అడిగితే కాదనడం ఆవిడకు అలవాటే. అడగడమే మానేసిందని మాత్రం ఇవాళే తెలిసింది. ఇన్నేళ్లూ బస్సులు, విమానాలు, లిఫ్టులు, కరెంటు తీగలు అన్నిటికీ భయపడింది. ఇలా ఒకటి జరగొచ్చని మాత్రం ఆవిడ జాబితాలో లేదు. ముందుచూపంటే ముందుచూపే.

ఆ సాయంత్రం అమ్మ, ఇంటాయన, అమ్మాయి ముగ్గురూ టీలు పెట్టుకుని కూర్చున్నారు. అమ్మాయి సభ బాగా జరిగిందని చెప్పింది. మేడమ్ మెచ్చుకుందని చెప్పింది. వచ్చే ఏడాది మాట ఎత్తలేదు. అమ్మ కాచుకుని కూర్చుంది. అడక్కముందే జవాబు చెప్పే ఆవిడ నోరు, ఇవాళ ప్రశ్న కోసం ఆవురావురుమంటోంది.

“ఏమైనా అడగాలా నన్ను?” అంది చివరికి.

“ఏం లేదమ్మా.”

ఇంటాయన కప్పు కింద పెట్టాడు. “అడుగమ్మా” అన్నాడు. “ఏం కాదు.”

ఆయన నోట రెండో మాట విని తల్లీకూతుళ్లిద్దరూ ఉలిక్కిపడ్డారు. అమ్మాయి కప్పులోకి చూస్తూ, వేలితో అంచు రుద్దుతూ, నాలుగో క్లాసు పిల్ల గొంతుతో అడిగింది.

“నేను అతని ఊరు వెళ్లనా, అమ్మా?”

బయట చూరు నుంచి నీళ్లు బొట్టు బొట్టుగా పడుతున్నాయి. విమానం రెక్క ఒకటి అమ్మ కళ్ల ముందు ఊగింది. తెలియని ఊళ్లో తడిచేత్తో ప్లగ్గు ముట్టుకుంటున్న కూతురు కనిపించింది. తెలియని మనిషి ఒక్కడే ఉన్న లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఇరవై ఆరు భయాలు వరసకట్టి వచ్చి, ఒక్కొక్కటీ తట్టి చూసుకుని పోయాయి. వాటి వెనకాల, పాటలు పాడుకుంటూ, ఒక పాత స్కూలు బస్సు వచ్చి ఆగింది. కిటికీలన్నిటిలోనూ పిల్లలే. ఒక్క సీటు ఖాళీ.

టీలు చల్లారిపోయాయి. ఇంటాయన గడియారం వైపు చూశాడు. అమ్మాయి ఇక జవాబు రాదనుకుని కప్పులు తీయడానికి లేచింది. అమ్మ చెవి మీది ఎర్ర పెన్సిల్ తీసి, పక్కన మడతపెట్టి ఉన్న కూతురి కోటు దగ్గరికి లాక్కుని, లోపలి గుడ్డ మీద రెండు గీతలు గీసింది.

“రెండు జేబులు కుడతాను” అంది. “వెళ్లే టికెట్ జేబుకు మూడు గుండీలు. తిరిగొచ్చే టికెట్ జేబుకు గుండీ పెట్టను. అది పోతే పోనీ.”